పేర్లు చెప్పని మాస్టారు

(మన చరిత్ర, మన చుట్టాలు – 17)



పోయిన నెల విశాఖలో ఒక సభకి వెళ్లాను. వేదిక మీద ఒక పెద్దమనిషి ఇ.ఎస్. రెడ్డి గారి గురించి మాట్లాడారు. ఎనుగ శ్రీనివాసులు రెడ్డి. 1924 జులై 1న నెల్లూరు జిల్లా గూడూరు వైపు పల్లపట్టిలో పుట్టి, ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టర్ అయిన మనిషి. 'తెలుగు తేజం', 'తెలుగువాడి సత్తా' అంటూ అరగంట సాగింది. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. కొట్టదగ్గ మనిషే.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక, నాతో వచ్చిన సెకండియర్ అమ్మాయి ఒకటడిగింది. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. "అది సరే సార్, గూడూరు నుంచెళ్లిన కుర్రోడికి నల్లోళ్ల బాధ ఎవరు చెప్పారు? పుట్టుకతో తెలీదు కదా."

నాకు తడబాటు వచ్చింది. రెడ్డి గారి గురించి పుస్తకాలు తిరగేశానే గానీ ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. తండ్రి కాంగ్రెస్ ఉద్యమంలో జైలుకెళ్లారు, తల్లి తన నగలు తీసి గాంధీ హరిజన నిధికి ఇచ్చారు. ఈ సంగతులు అందరూ చెబుతారు. అవి ఇంటి సంగతులు. న్యూయార్క్‌లో అడుగుపెట్టిన విద్యార్థికి ఆఫ్రికాని చూపించింది ఎవరు? దానికి జవాబు ఒక ఇంగ్లీషు మాస్టారు. ఆయన పేరు విలియం ఆల్ఫియస్ హంటన్. ఈ భాగం ఆయనది.

హంటన్ తాత స్టాంటన్ హంటన్ వర్జీనియాలో బానిస. తన స్వేచ్ఛని తానే డబ్బిచ్చి కొనుక్కుని కెనడా చేరినవాడు. తండ్రి నల్లజాతి యువకుల కోసం వై.ఎం.సి.ఎ.లో పనిచేసిన తొలితరం కార్యకర్త. తల్లి ఆడీ హంటన్, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి నల్లజాతి సైనికుల మధ్య పనిచేసి వచ్చిన మనిషి. ఆల్ఫియస్ 1903లో అట్లాంటాలో పుట్టాడు. మూడేళ్లకే 1906 అల్లర్లు. తెల్లవాళ్ల గుంపులు ఊరి మీద పడి ఎందరో నల్లవాళ్లని చంపేశాక కుటుంబం బ్రూక్లిన్‌కి తరలిపోయింది. మన కారంచేడు కుటుంబాలు చీరాలకి నడిచిపోయినట్టే అనుకోండి. ఊరొదిలిన ఇళ్లలో పిల్లలు ఒక రకంగా పెరుగుతారు, అది మనకి తెలిసిన పెంపకమే.

హోవార్డ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, హార్వర్డ్‌లో ఎం.ఏ. 1926లో తిరిగి హోవార్డ్‌కే ఇంగ్లీషు సాహిత్యం చెప్పడానికి వచ్చారు. 1938లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్, టెన్నిసన్ మీద. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. బానిస మనవడు విక్టోరియా మహారాణి ఆస్థానకవి మీద పరిశోధన చేశాడు. మాలపల్లెలో పుట్టి ప్రబంధాల మీద పి.హెచ్‌డి. చేసిన నాలాంటివాళ్లకి ఆ నవ్వు అర్థమవుతుంది. మనల్ని ఎక్కడా లెక్కలోకి తీసుకోని సాహిత్యాన్ని, మనమే అక్షరం అక్షరం లెక్కపెట్టి చదువుతాం. హంటన్ ఆ చదువుని వృథా అనుకోలేదు. సామ్రాజ్యం తన కవుల నోట ఎలా మాట్లాడుతుందో పట్టుకున్నాడు. తర్వాత సామ్రాజ్యం పంపే నివేదికల్ని చదవడానికి అదే చూపు పనికొచ్చింది.

హోవార్డ్‌లో పాఠం చెబుతూనే అధ్యాపకుల సంఘం కట్టడంలో ముందున్నారు. నేషనల్ నీగ్రో కాంగ్రెస్‌లో చేరి, వాషింగ్టన్‌లో పోలీసులు నల్లవాళ్లని కాల్చి చంపుతుంటే దానిమీద వీధుల్లో ఉద్యమం నడిపారు. పదిహేడేళ్ల ఉద్యోగం. స్థిరమైన జీతం. 1943లో అది వదిలేసి న్యూయార్క్ వచ్చి కౌన్సిల్ ఆన్ ఆఫ్రికన్ అఫైర్స్ అనే చిన్న సంస్థలో విద్యా విభాగం బాధ్యత తీసుకున్నారు.

ఉద్యోగం వదలడం గొప్ప అని నేననను. వదలలేని వాళ్ల ఇళ్లలో ఏముంటుందో నాకు తెలుసు. ఒకసారి ఒక సభలో మాట్లాడొచ్చినందుకు నాకొక మెమో అందింది. అప్పుడు మూడు రోజులు నిద్ర పట్టలేదు, ఇంటి లోను వాయిదా గుర్తొచ్చి. అందుకే హంటన్ నిర్ణయం దగ్గర కాసేపు ఆగాను, అంతే.

కౌన్సిల్ ముఖచిత్రం పాల్ రోబ్సన్. పాట, నాటకం, ఆరడుగుల పైన విగ్రహం, ఆయన నిలబడితే వేలమంది వస్తారు. ఆ రోబ్సన్ వేదిక మీద చెప్పే లెక్కలు, పేర్లు, తేదీలు వెనక గదిలో కూర్చుని తయారుచేసేది హంటన్. దక్షిణాఫ్రికా పత్రికలు తెప్పించి, కత్తిరించి, ఫైళ్లలో పెట్టి, 'న్యూ ఆఫ్రికా' అనే బులెటిన్ నడిపేవారు. అమెరికాలో మామూలు మనిషికి ఆఫ్రికా అంటే సింహాలూ టార్జానూ తప్ప ఇంకేమీ తెలియని రోజులవి. అక్కడ గని కూలికి ఎంత ఇస్తారు, పాస్ చట్టం ఎలా పనిచేస్తుంది, ఎవరి భూమి ఎవరు లాక్కున్నారు అనేది నెలనెలా అచ్చులో పెట్టారు.

1946 దగ్గరికి వద్దాం. ఆ ఒక్క ఏడాదిలో ఎన్ని దారులు కలిశాయో చూడండి.

జనవరిలో దక్షిణాఫ్రికాలో కరువు. హార్లెంలోని అబిస్సీనియన్ బాప్టిస్టు చర్చిలో కౌన్సిల్ సభ పెడితే జనం డబ్బుతో పాటు తిండి డబ్బాలు మోసుకొచ్చారు. ఆగస్టు 12న అక్కడి బంగారు గనుల్లో ఆఫ్రికన్ కార్మికులు సమ్మెకి దిగారు, డెబ్భై వేలకు పైగా. పోలీసు కాల్పుల్లో కనీసం 9 మంది చనిపోయారు. న్యూయార్క్‌లో దక్షిణాఫ్రికా కాన్సులేటు ముందు కౌన్సిల్ ప్రదర్శన చేసింది. ఆ ఏడాది అలాంటి ప్రదర్శనలో నిలబడిన వాళ్లలో మన గూడూరు కుర్రాడు కూడా ఉన్నాడు. చదువు కోసం వచ్చి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదువుతున్నాడు. హంటన్ డాక్టరేట్ తీసుకున్న విశ్వవిద్యాలయమే. కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లడం, అక్కడి దక్షిణాఫ్రికా పత్రికలు చదవడం, హంటన్‌తో మాట్లాడటం అలవాటైంది. ఆ నవంబరులో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు డాక్టర్ జుమా, ఇంకా హెచ్.ఏ. నాయుడు, సొరాబ్జీ రుస్తుంజీ వంటివాళ్లు సమితి దగ్గర మొర పెట్టుకోవడానికి న్యూయార్క్ వస్తే, వాళ్లకి వేదిక చూపించింది కూడా ఈ కౌన్సిలే.

మా అమ్మాయి ప్రశ్నకి ఇదీ జవాబు. ఆఫీసు అన్నానే గానీ అది ఒక తరగతి గది. మాస్టారు కొలువు మారారు గానీ పని మారలేదు.

ఆ ఏడాది జూన్ 22న భారతదేశం దక్షిణాఫ్రికా మీద సమితికి ఫిర్యాదు చేసింది, అక్కడి భారతీయులకి భూమి కొనే హక్కు తీసేస్తూ చట్టం చేశారని. ఆ దేశంతో వ్యాపారం కూడా ఆపేసింది. మన ఎగుమతుల్లో దాదాపు 5.5 శాతం ఆ దేశానికే వెళ్లేది, అందులో పెద్ద భాగం గోనెసంచులు. గోనెసంచులంటే విశాఖ వాళ్లకి చిట్టివలస మిల్లు గుర్తొస్తుంది, నాకూ వచ్చింది. డిసెంబరు 8న సర్వసభ్య సభలో ఓటింగ్ జరిగితే 32 ఓట్లు భారత్ పక్షం, 15 ఎదురు. విజయలక్ష్మీ పండిట్ గెలిచారు.

కానీ ఆ 'అక్కడి భారతీయులు' ఎవరు? 1860 అక్టోబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది, 342 మందితో. 1911 దాకా మొత్తం 1,52,184 మంది చెరుకు తోటలకీ రైల్వేకీ బొగ్గు గనులకీ కూలి ఒప్పందం మీద వెళ్లారు. ఎక్కువ మంది మద్రాసు రాష్ట్రం వాళ్లు. అందులో మన విశాఖపట్నం జిల్లా నుంచి కట్టిన మూటలు చాలా ఉన్నాయి. ఓడ జాబితాలు ఇప్పటికీ చదవొచ్చు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ, ఇంకా కులం. కులానికి ఒక గడి ఉంది. ఆ గడిలో 'పరయ' అని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సముద్రం దాటాక ఆ గడిని దాటాలనుకున్నవాళ్లు కొందరు పేరు చివర నాయుడు అని పెట్టుకున్నారు. నేటాల్‌లో ఇన్ని వేలమంది నాయుళ్లు ఉండటం వెనక ఆ కథ కూడా ఉంది. తక్కువ చేసి మాట్లాడకండి. గడి పెట్టిందెవరు, అందులో ఏం రాయాలో చెప్పిందెవరు అని ముందు అడగండి.

సమితిలో దక్షిణాఫ్రికా పక్షం ఈ సంగతే ఎత్తింది. ముందు మీ అంటరానితనం సంగతి చూసుకోండి అన్న ధోరణి. అన్నది దుర్మార్గులే, వాళ్ల ఉద్దేశం మన మీద ప్రేమ కాదు. అయినా ఆ మాటకి మన ప్రతినిధుల దగ్గర ముఖం చాటేయడం తప్ప ఇంకేం ఉంది?

సరిగ్గా ఆ వేసవిలోనే, కేబినెట్ మిషన్ అంటరానివారి మాటని పక్కకి నెట్టేసిన రోజుల్లో, బాబాసాహెబ్ అంబేడ్కర్ న్యూయార్క్‌కి ఒక ఉత్తరం రాశారు, డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి. అమెరికా నల్లజాతి వాళ్ల తరఫున నేషనల్ నీగ్రో కాంగ్రెస్ సమితికి విన్నపం ఇచ్చిందని విన్నాను, దాని ప్రతులు రెండు మూడు పంపగలరా అని. భారత అంటరానివారు కూడా ఆ దారిన వెళ్లాలని ఆలోచిస్తున్నారని. జులై 31న డుబాయిస్ జవాబిచ్చారు, అంటరానివారి పట్ల తన సానుభూతి తెలుపుతూ, అడిగింది పంపుతానంటూ. ఆ విన్నపం ఇచ్చిన నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఏది? హంటన్ వాషింగ్టన్‌లో నడిపించిన సంస్థే. అంబేడ్కర్‌కీ హంటన్‌కీ పరిచయం ఉందని నేననట్లేదు. ఒక ఊరి బావి దగ్గరికి రెండు వీధుల నుంచి వచ్చినవాళ్లలా, ఒకే కాగితం దగ్గరికి ఇద్దరూ వచ్చారు. అంబేడ్కర్ ఆ నివేదిక తయారుచేశారు కూడా. సమితికి ఇవ్వలేదు. స్వతంత్ర దేశపు రాజ్యాంగ సభకీ పార్లమెంటుకీ ఒక అవకాశం ఇద్దామనుకున్నానని 1951లో మంత్రి పదవి వదిలినప్పుడు తానే చెప్పుకున్నారు.

అదే 1951లో హంటన్ జైలుకెళ్లారు. ఇది నెమ్మదిగా చెప్పాలి.

అమెరికాలో ఎర్రభూతం వేట నడుస్తోంది. కౌన్సిల్‌ని ప్రభుత్వం 1947లోనే 'విద్రోహ సంస్థల' జాబితాలో పెట్టింది. మరుసటి ఏడాది మాక్స్ యెర్గాన్ అనే పాత నాయకుడే అడ్డం తిరిగాడు. హంటన్ అప్పుడు సివిల్ రైట్స్ కాంగ్రెస్ అనే సంస్థ బెయిల్ నిధికి ధర్మకర్త కూడా. అరెస్టయిన కార్యకర్తలకి పూచీకత్తు కట్టే నిధి అది. ఆ నిధికి డబ్బిచ్చిన వాళ్ల పేర్లు చెప్పమని కోర్టు అడిగింది. చెప్తే వాళ్ల ఉద్యోగాలు పోతాయి, ఇళ్ల మీదికి పోలీసులొస్తారు. ధర్మకర్తలు చెప్పలేదు. నవలాకారుడు డాషియల్ హామెట్ చెప్పలేదు, ఆయనకి 6 నెలలు. హంటన్ చెప్పలేదు, ఆయనకీ 6 నెలలు. వర్జీనియాలో నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ వేరుగా పెట్టే జైలుకి ఆయన్ని పంపారు. ఆయన తాత బానిసగా ఉన్న రాష్ట్రం.

బయటికొచ్చి మళ్లీ ఆఫీసు తెరిచారు. 1952 జూన్ 26న దక్షిణాఫ్రికాలో అన్యాయ చట్టాల ధిక్కార ఉద్యమం మొదలైంది, 8,000 మందికి పైగా అరెస్టయ్యారు. హంటన్ డబ్బు పోగుచేసి పంపారు, వార్తలు అచ్చు వేశారు. కానీ ఎంతకాలం? 1955లో కౌన్సిల్ మూతపడింది.

ఇక రెడ్డి గారు. 1948లో ఎం.ఏ. పూర్తి, 1949లో ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం. ప్రభుత్వం నల్లజాబితాలో పెట్టిన సంస్థలో తిరిగిన విద్యార్థి అదే ఊళ్లో అంతర్జాతీయ ఉద్యోగి అయ్యాడు. 1963లో వర్ణవివక్ష మీద సమితి ప్రత్యేక కమిటీ పనిలోకి దిగింది. పాశ్చాత్య దేశాలు అందులో చేరం పొమ్మన్నాయి. రెడ్డి గారు దానికి ప్రధాన కార్యదర్శి. పెద్ద దేశాలు రాకపోవడమే మేలైంది, అడ్డం చెప్పేవాళ్లు లేక కమిటీ తన దారిన తాను నడిచింది. ఆ అక్టోబరు 11న రాజకీయ ఖైదీలందర్నీ విడిచిపెట్టాలని సర్వసభ్య సభ తీర్మానం చేస్తే, 106 ఓట్లకి ఎదురు ఒకే ఒక్కటి. అది దక్షిణాఫ్రికాది. మండేలా బృందం మీద రివోనియా కేసు మొదలవుతున్న వారమది.

1965లో దక్షిణాఫ్రికా కోసం సమితి ఒక నిధి పెట్టింది. ఖైదీల వకీళ్లకి ఫీజులు, వెనక మిగిలిన ఇళ్లకి తిండి. ఆ డబ్బులో చాలా భాగం లండన్‌లో కానన్ కాలిన్స్ నడిపిన రక్షణ, సహాయ నిధి ద్వారా వెళ్లేది. 1966లో దక్షిణాఫ్రికా దాన్ని నిషేధించింది. అప్పట్నుంచి వకీళ్ల చేతులు మారుతూ, బ్రిటన్‌లో మామూలు గృహిణులు స్నేహితురాలికి రాసినట్టు రాసే ఉత్తరాల్లో మనియార్డర్లుగా డబ్బు చేరేది. ఎక్కడి డబ్బో తీసుకునేవాళ్లకి తెలియదు, ఇచ్చేవాళ్లు చెప్పరు. పాతికేళ్లు అలా నడిచింది. ఆ గొలుసులో ఒక్క పేరు బయటపడితే ఎక్కడో ఒక తల్లికి నెల బియ్యం ఆగిపోతుంది.

ఇది చదివినప్పుడు నాకు హంటన్ కోర్టులో నోరు మూసుకుని నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. పేర్లు చెప్పని మాస్టారి దగ్గర తిరిగిన కుర్రాడు, పదిహేనేళ్ల తర్వాత పేర్లు చెప్పకుండా నడిచే ఒక నిధిని నిలబెట్టడంలో చెయ్యేశాడు. ఇద్దరి చదువూ ఒకచోటే అని నేను అనుకుంటాను. ఇంకొకటి. 1978 ఏప్రిల్ 10న, రోబ్సన్ ఎనభయ్యో పుట్టినరోజు తర్వాతి రోజు, అప్పటికి రెండేళ్ల క్రితమే చనిపోయిన ఆయన కోసం ఆ ప్రత్యేక కమిటీ ప్రత్యేక సమావేశం పెట్టింది. అమెరికా పాస్‌పోర్టు లాక్కున్న మనిషికి, అమెరికా గడ్డ మీదే, ప్రపంచ దేశాలు లేచి నిలబడ్డాయి.

రెడ్డి గారు 1985లో సమితి నుంచి రిటైరయ్యారు. 1985 అనగానే మనవాళ్లకి వేరే గుర్తు. జులై 17, కారంచేడు. ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. గొడవ మొదలైంది తాగేనీళ్ల చెరువు దగ్గర. ప్రిటోరియా మీద ఆంక్షలు పెట్టాలని మన దేశం ప్రపంచమంతా తిరిగి చెబుతున్న రోజులవి, చెప్పడం న్యాయమే. పొన్నూరులో సంస్కృతం పాఠం చెప్పే ఒక లెక్చరర్ ఆ చీరాల శిబిరంలోకి వచ్చి కూర్చున్నాడు, కత్తి పద్మారావు. బొజ్జా తారకం గారు ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా పడేశారు. టెన్నిసన్ చదివినవాడు హార్లెంకి, సంస్కృతం చెప్పినవాడు చీరాలకి. మన దగ్గర హంటన్లు లేరని ఎవరన్నారు?

రెడ్డి గారిని ఇందులోకి లాగి దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన తన ముందున్న పని పూర్తిగా చేశారు. 2013లో దక్షిణాఫ్రికా ఆలివర్ టాంబో పేరున్న పురస్కారం ఇచ్చి గౌరవించింది. 2020 నవంబరు 1న తొంభై ఆరేళ్ల వయసులో వెళ్లిపోయారు. నా గొడవంతా 'తెలుగు తేజం' అని చప్పట్లు కొట్టించే వాళ్లతో. 2001 ఆగస్టు చివర డర్బన్‌లో, ట్రూరో ఓడ ఆగిన ఆ ఊళ్లోనే, జాతి వివక్ష మీద సమితి ప్రపంచ సభ జరిగింది. మార్టిన్ మక్వాన్, పాల్ దివాకర్ లాంటివాళ్లతో దళితులు వందలుగా వెళ్లారు, కులం పేరు కూడా ఆ కాగితాల్లో రాయండని. కులం జాతి కాదు, ఇది మా ఇంటి వ్యవహారం అని అడ్డుపడింది ఎవరు? 1946లో ఇది మీ ఇంటి వ్యవహారం కాదని దక్షిణాఫ్రికాకి చెప్పి గెలిచిన ప్రభుత్వమే. సభ చివరి పత్రంలో కులం అన్న మాట రాలేదు. ఓడ జాబితాలో కులానికి గడి ఉంది. సమితి పత్రంలో లేదు.

హంటన్ సంగతి ముగించాలి. 1957లో ఆఫ్రికా మీద పుస్తకం రాశారు. 1960లో భార్య డొరతీతో కలిసి గినీ వెళ్లి, కొనాక్రీలో పిల్లలకి మళ్లీ ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టారు. హోవార్డ్ వదిలిన పదిహేడేళ్లకి మళ్లీ సుద్దముక్క పట్టారు. ఆ తర్వాత ముసలి డుబాయిస్ పిలిస్తే ఘనాకి, ఆఫ్రికా విజ్ఞాన సర్వస్వం పనికి. 1963లో డుబాయిస్ పోయాక ఆ పని తన నెత్తినేసుకున్నారు. 1966లో ఎన్‌క్రుమాని సైన్యం దించేశాక హంటన్‌ని కూడా వెళ్లిపొమ్మన్నారు. చివరికి జాంబియా. 1970 జనవరిలో లుసాకాలో క్యాన్సర్‌తో చనిపోయారు, అరవై ఆరేళ్లకి.

ఆయన జీవితం రాసింది డొరతీ, 1986లో. తెలుగులో నేనైతే చూడలేదు. బస్టాపులో ప్రశ్న అడిగిన అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, "ఆ పుస్తకం మనమే చెయ్యొచ్చు కదా సార్" అంది. ఆదివారాలు కూర్చుంటున్నాం. మొదటి పేజీల్లోనే తాత తనని తాను కొనుక్కోవడం అనే మాట దగ్గర ఆగిపోయాం. 'విడుదల పత్రం' అని తను, 'విముక్తి చీటీ' అని నేను. మీకు మంచి మాట తడితే కింద రాయండి.

వచ్చే భాగం ఫిలిస్ నాయుడు. ఆవిడా టీచరే. 1979లో ఆవిడ ఒక పార్సిల్ బాంబు పేలుడులో గాయపడ్డారు. ఆ కథ వచ్చే ఆదివారం.

జై భీమ్.